పాలలో ముంచిన గుడ్డ

మునిలక్ష్మికి చెయ్యి ఆగిపోయింది.

జబ్బు చేసి కాదు. ఆ చెయ్యి అన్నం కలుపుతుంది, నీళ్లు తోడుతుంది, దారిలో అడ్డం పడుకున్న పిల్లిని ఎత్తి అవతల పెడుతుంది. కలం పట్టిందంటే మాత్రం గుడ్డకు జానెడు పైనే నిలబడిపోతుంది. కిందికి దిగదు. బతిమాలినా దిగదు, తిట్టుకున్నా దిగదు.

కాళాస్తిలో కలంకారీ పని చేసే ఇళ్లు కొన్ని ఉన్నాయి. వాటిలో సిద్దమ్మవ్వ ఇల్లు వీధికి చివరిది. వెనక చిన్న తోట, తోట దాటితే స్వర్ణముఖి ఇసుక. సిద్దమ్మవ్వ కాషాయం కట్టలేదు, ఎవరికీ మంత్రం చెప్పలేదు. అయినా మనసు బాగాలేని వాళ్లు వచ్చి ఆమె అరుగు మీద కూర్చునేవాళ్లు. ఆమె వాళ్ల చేతికి ఏదో ఒక పని ఇచ్చేది. కరక్కాయలు దంచమనేది, దానిమ్మ తొక్కలు ఎండబెట్టమనేది. పని అయ్యేసరికి సగం మంది వచ్చిన గొడవ మర్చిపోయి ఇంటికి పోయేవాళ్లు. మిగతా సగం "ముసలమ్మ ఊరికే చాకిరీ చేయించుకునింది" అని తిట్టుకుంటూ పోయేవాళ్లు. అదీ అబద్ధమేం కాదు.

మునిలక్ష్మి ఆమె శిష్యురాలు. చిన్నపిల్లగా వచ్చి, ఆ ఇంటి అన్నం తిని, ఆ ఇంట్లోనే పని నేర్చుకుంది. పెళ్లిమాట ఎవరైనా ఎత్తితే "ముందు నా గీత కుదరనీండి" అని పంపించేసేది.

గీత అంటే నల్లగీత. కలంకారీకి ప్రాణం అదే. ముందు చింతపుల్ల బొగ్గుతో బొమ్మ వేసుకుంటారు. అది తప్పు పోతే దులిపేసుకోవచ్చు. దాని మీద వెదురు కలంతో కసిం పెట్టి గీస్తారు. కసిం అంటే ఇనుప తుప్పు, బెల్లం కలిపి పులియబెట్టిన నల్లనీళ్లు. గుడ్డను ముందే కరక్కాయ పొడి కలిపిన బర్రెపాలలో ముంచి ఆరబెట్టి ఉంటారు కాబట్టి ఆ గీత పక్కకు పాకదు, తగలగానే నల్లగా పట్టేస్తుంది. పట్టిందంటే ఇక దేవుడు దిగొచ్చినా చెరపలేడు.

ఒకప్పుడు సిద్దమ్మవ్వ గీత చూడ్డానికి మద్రాసు నుంచి వచ్చేవాళ్లు. ఇప్పుడు ఆమె కుడిచెయ్యి వణుకుతుంది. వణుకు మొదలైన నాటి నుంచి ఆమె ఎవరి ముందూ కలం పట్టలేదు. కాఫీ తాగేటప్పుడు కూడా ఆ చేతిని కొంగు కింద పెట్టుకుని ఎడమ చేత్తో తాగేది. వీధిలో అందరికీ తెలుసు. ఆమె ముందు ఆ మాట ఎత్తే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

ఇక మునిలక్ష్మి సంగతి. కిందటి దసరాకు తిరుపతిలో ఎగ్జిబిషన్ పెట్టారు. దానిమ్మ చెట్టు మీద చిలకలు వాలినట్టు ఒక గుడ్డ వేసి పంపింది. పెద్ద బహుమతి దానికే వచ్చింది. శాలువా కప్పారు, పేపర్లో ఫొటో వేశారు. ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని "ఇటువంటి పని మళ్లీ పుట్టదు" అన్నాడు. పాపం, పొగడటానికే అన్నాడు. ఇంటికొచ్చాక ఆ మాటే మునిలక్ష్మి గుండెలో ముల్లులా దిగబడింది. మళ్లీ పుట్టదట. అయితే ఇక తను వేసేవన్నీ ఏంటి?

ఆ చిలకల గుడ్డకు అద్దం కట్టించి ముందుగదిలో తగిలించారు. వచ్చినవాళ్లందరూ దాన్ని చూసి నోరెళ్లబెట్టేవాళ్లు. వాళ్లు పోయాక మునిలక్ష్మి ఒక్కతే దాని ముందు కూర్చునేది.

ఇదంతా ఎట్లాగో గడిచిపోయేదే, మఠం తెర లేకపోతే. ప్రతి ఉగాదికీ మఠంలో అమ్మవారి వెనక కొత్త తెర కడతారు. సిద్దమ్మవ్వ గురువు కాలం నుంచి ఆ తెర ఈ ఇంటి నుంచే పోతుంది. చెయ్యి వణకడం మొదలయ్యాక కిందటేడు పాత తెరనే ఉతికి కట్టుకున్నారు. ఈ ఏడు తాను వేస్తానని మునిలక్ష్మి నోరు తెరిచి అడిగి మరీ ఒప్పుకుంది. అప్పటికి బహుమతి రాలేదు, భయమూ లేదు. శివరాత్రికైనా నల్లగీత పడితేనే ఉగాదికి రంగులు పూర్తవుతాయి. శివరాత్రి దగ్గరికొచ్చేసింది. గుడ్డ మీద చుక్క కూడా పడలేదు.

అట్లాగని మునిలక్ష్మి ఊరికే కూర్చుందనుకునేరు. అబ్బే! పొద్దున లేచింది మొదలు దీపాలు పెట్టేదాకా పనే. తెరకు గుడ్డ ఉతికింది, పాలలో ముంచింది, ఆరబెట్టింది, మడిచి ముందుగదిలో బుట్టలో పెట్టింది. "ఇక గీయడమే" అంది. మర్నాడు చూస్తే చింతపుల్లలు సరిగా కాలలేదంది. మళ్లీ కాల్చింది. కలం ములుకు బండబారిందంది. కొత్త కలాలు చెక్కింది. ఒక రోజు కసిం ఇంకా పులియాలంది. ఒక రోజు మబ్బు పట్టిందంది, ఒక రోజు తిథి బాగాలేదంది. ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట. సరిగ్గా అట్లా ఉంది ఆమె వరస.

సిద్దమ్మవ్వ ఇదంతా చూస్తూనే ఉంది.

ఒకనాడు మఠం గుమాస్తా ఏకాంబరం వచ్చాడు. మంచివాడు, నోరు మెత్తన.

"ఏమ్మా మునిలక్ష్మీ, తెర యాడిదాకా వచ్చింది?"

"అవుతా ఉందన్నా."

"ఒకసారి చూసి పోనా?"

"మధ్యలో చూడకూడదు."

ఏకాంబరం మొహం చూస్తే నమ్మినట్టు లేడు. చెప్పులు వేసుకుంటూ వేసుకుంటూ ఆగాడు.

"స్వామివారు అడిగి రమ్మన్నారు తల్లీ. కుదరకపోతే కుదరలేదని శివరాత్రికి చెప్పెయ్. తిరుపతిలో అచ్చేసిన తెరలు దొరకతాయంట. బాగానే ఉంటాయి కూడా. ఒక ఏడు అది కడితే ఇంక ప్రతి ఏడూ అదే అయిపోతాది. నాకు మటుకు ఇష్టం లేదు. అయినా అమ్మవారి వెనక గోడ బోసిగా పెట్టలేము కదా."

అతను పోయాక మునిలక్ష్మి చాలాసేపు గడప దగ్గరే నిలబడింది. తన వల్ల ఆ ఇంటి నుంచి తెర పోవడం ఆగిపోతుందన్న మాట మొదటిసారి చెవిన పడింది.

వెనక్కి వచ్చి సిద్దమ్మవ్వ ముందు కూర్చుంది.

"అవ్వా, నా చెయ్యి సాగడంలేదు."

"ఊఁ."

"ఏం చెయ్యాలో చెప్పు."

సిద్దమ్మవ్వ తోట వైపు చూసింది. "మల్లెకు ఆకు దుయ్యాల. మాఘం పోతా ఉంది."

మునిలక్ష్మికి ఒళ్లు మండింది. అయినా లేచి వెళ్లింది. గురువు చెప్పిన పని కాదనడం ఆ ఇంట్లో అలవాటు లేదు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఇంకా పూర్తిగా పోలేదు గానీ ఎండలో పస వచ్చింది. వేపాకు రాలి తోటంతా పసుపు పరిచింది. మునగ పూసింది. గోడ పక్క మామిడికి పూత పట్టి ఈగలు ముసురుతున్నాయి. మల్లె పొద మాత్రం కిందటేటి ఆకుతో ముదురుగా, దట్టంగా ఉంది. ఈ రోజుల్లో ఆ ఆకంతా దూసేసి, కొసలు కత్తిరించి, మొదట్లో తవ్వి నీళ్లు కడితేనే ఎండాకాలానికి పూస్తుంది. లేదంటే ఆకే మిగులుతుంది.

మునిలక్ష్మికి ఈ పని ఏటేటా అలవాటే. కొమ్మ మొదట్లో పట్టుకుని కొసదాకా సర్రున లాగింది. గుప్పెడు ఆకు రాలింది. ఇంకో కొమ్మ. ఇంకోటి. కోపమంతా పొద మీద తీర్చుకుంది. ఇంట్లోని నాలుగు పిల్లులూ చుట్టూ చేరి రాలే ఆకుల మీదికి దూకుతున్నాయి. మధ్యాహ్నానికి పొద పుల్లలు పుల్లలుగా నిలబడింది.

సిద్దమ్మవ్వ వచ్చి చుట్టూ తిరిగి చూసింది.

"లేతాకు కూడా వదల్లేదే?"

"వదిలితే పూలు తగ్గిపోవా?"

"తగ్గతాయి."

"మరి నేను అడిగిందానికి జవాబేది?"

"ఏం అడిగినావు?"

"చెయ్యి సాగడంలేదని చెప్పినా కదవ్వా!"

"చెయ్యి బాగానే ఉందే," అంది సిద్దమ్మవ్వ. "పొదంతా దూసేసింది."

మునిలక్ష్మి చేతిలో మిగిలిన ఆకు కింద పారేసి లోపలికి పోయింది.

ఈ పిల్లుల గురించి ఒక ముక్క చెప్పాలి. పాలలో ముంచిన గుడ్డ ఎండలో ఆరేస్తే ఆ వాసనకు ఊళ్లో పిల్లులన్నీ గోడలెక్కుతాయి. నాకుతాయి, కొరుకుతాయి, దాని మీదే పొర్లాడతాయి. మిగతా ఇళ్లల్లో కర్ర పట్టుకుని కాపలా కాస్తారు. సిద్దమ్మవ్వ పిల్లుల్నే తెచ్చి ఇంట్లో పెట్టుకుంది. "ఇంటి పిల్లి ఉంటే వీధి పిల్లి రాదు" అనేది. రాకేం, అవీ వచ్చేవి, ఇవీ తినేవి. వాటన్నిటికీ పెద్ద బూడిదరంగు ఆడపిల్లి. దాని పేరు దొరసాని. నడకా అట్లాగే ఉండేది. అప్పుడది నిండు చూలుతో ఉంది.

రెండు రోజులు చూసి మునిలక్ష్మి మళ్లీ అడిగింది.

"పోనీ ఏదైనా మంత్రం చెప్పు. ఉపవాసం చెయ్యమంటే చేస్తా. గుడి చుట్టూ పొర్లుదండాలు పెట్టమంటే పెడతా. ఊరికే చూస్తా కూర్చోవద్దవ్వా."

"దొరసానికి పాలు పొయ్యి. పొద్దున్నుంచీ ఏమీ తినలే."

"నా బతుకు పోతా ఉంటే పిల్లికి పాలా!"

"నీ బతుకు పోతే దాని కడుపు నిండతాదా?"

మునిలక్ష్మి పళ్లు నూరుకుంటూ గిన్నెలో పాలు పోసింది. దొరసాని వాసన చూసి, రెండు గుటకలు తాగి, ఇల్లంతా తిరగడం మొదలుపెట్టింది. మంచం కిందికి పోయింది, బియ్యం గంప వెనక్కి పోయింది, ఎక్కడా నచ్చినట్టు లేదు. మునిలక్ష్మికి దాన్ని చూసే ఓపిక కూడా లేకపోయింది.

శివరాత్రికి రెండు రోజులు ఉందనగా ఆమె పొద్దున్నే లేచి తలకు పోసుకుంది. ఉతికిన చీర కట్టుకుంది, దీపం పెట్టింది. ఇవాళ గీయాల్సిందే అని మనసులో గట్టిగా అనుకుని బుట్ట మూత తీసింది. మూత అప్పటికే ఒక పక్కకు జరిగి ఉంది.

బుట్టలో దొరసాని ఉంది. దాని పొట్ట దగ్గర కళ్లు తెరవని కూనలు కదులుతున్నాయి. కింద మఠం తెర గుడ్డ, నెత్తురుతో, తడితో ముద్దయిపోయి ఉంది.

"యమ్మో! దీని కడుపు కాల! అవ్వా! చూడు ఏం చేసిందో!"

సిద్దమ్మవ్వ వంటింట్లోంచి నిదానంగా వచ్చింది.

"ఎన్ని?"

"ఎన్నేంది?"

"కూనలు."

"నాకేం తెలుసు! గుడ్డ చూడవ్వా, మఠం గుడ్డ!"

సిద్దమ్మవ్వ వంగి బుట్టలోకి చూసింది. "నాలుగు" అంది సంతోషంగా. "అన్నీ బాగున్నాయి."

"ఇప్పుడు నేనేం చెయ్యాల? ఏకాంబరన్నకు ఏం చెప్పాల?"

సిద్దమ్మవ్వ బుట్ట మీద మూత సగం వాల్చింది, వెలుతురు కళ్లలో పడకుండా.

"అన్ని నాళ్లూ ఆడే ఉండింది కదా మే ఆ గుడ్డ. నువ్వు వాడుకోలేదు. అది వాడుకునింది."

మునిలక్ష్మి పెరట్లోకి పోయి, బావి గట్టు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. పిల్లిని తిట్టింది, సిద్దమ్మవ్వను తిట్టింది, తిరుపతిలో మైకు పట్టుకున్న పెద్దమనిషిని కూడా తిట్టింది. తిట్టడానికి ఎవరూ మిగలక ఆగింది.

అప్పుడు లేచింది. మొహం కడుక్కుని, జుట్టు ముడివేసి, పెట్టెలోంచి కొత్త గాడా నూలుగుడ్డ తీసి భుజాన వేసుకుని ఏటికి నడిచింది. గంజి పోయేదాకా బండ మీద బాదింది. చేతులు నొప్పి పుట్టినా ఆపలేదు. సాయంత్రం పాలామె ఇంటికి తనే పోయి, బర్రె దగ్గర నిలబడి, నీళ్లు కలపని పాలు పితికించుకుని వచ్చింది. కరక్కాయ పొడి కలిపి గుడ్డ ముంచింది, పిండింది, మళ్లీ ముంచింది.

మర్నాడు తోటలో ఆరేసి కర్ర పట్టుకుని పక్కనే కూర్చుంది. గోడ మీద పిల్లి తల కనిపిస్తే చాలు కర్ర నేలకు కొట్టేది.

"ఈసారి ఆరిన గుడ్డ మడిస్తే ఒట్టు" అంది పైకే. ఎవరితో అందో మరి.

గుడ్డ ఆరింది. మడవలేదు. ముందుగదిలో దుప్పటి పరిచి దాని మీద పరిచింది. కసిం గిన్నె, కలాలు, బొగ్గుపుల్లలు అన్నీ అందేటట్టు పెట్టుకుంది. సిద్దమ్మవ్వ గుమ్మం దగ్గర కూర్చుని ఎడమ చేత్తో చింతపండు గింజలు తీస్తోంది.

మునిలక్ష్మి బొగ్గుతో అమ్మవారి మొహం గుండ్రం వేసింది. తల ఎత్తితే గోడ మీద చిలకలు. దులిపేసింది. మళ్లీ వేసింది. చిలక రెక్క ఎంత నున్నగా ఉంది! దులిపేసింది. కళ్లు పెద్దవయ్యాయని ఒకసారి, మెడ పొట్టిదయిందని ఒకసారి దులిపింది. పాలలాంటి గుడ్డ మధ్యలో మసిమసిగా మరక లేచింది. పొద్దు పడమటికి తిరిగింది. కలం ఇంకా తడవలేదు.

బొగ్గుపుల్ల విసిరికొట్టింది.

"నావల్ల కాదవ్వా. మఠానికి అచ్చు తెర తెచ్చుకోమని కబురు పంపించు."

"దేనికి భయం?"

"పాడైపోతుందని."

"ఏంది పాడయ్యేది?"

"గుడ్డ. నా పేరు. అంతా." ఆమె గుడ్డ మీది మసి దులిపింది. "ఊరోళ్లు ఏమన్నా పడతా. తెర బాగా రాకపోతే నువ్వు చూస్తావు. చూసి ఏమీ అనవు. లేచి లోపలికి పోతావు. అది నేను తట్టుకోలేను."

సిద్దమ్మవ్వ గింజలు తీయడం ఆపింది. ఆ మాట ఆమెకు తగిలింది. గోడ పట్టుకుని లేచి, చేతులు కడుక్కుని వచ్చింది. తెర పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

కొంగు కిందినుంచి కుడిచెయ్యి బయటికి తీసింది. కలం పట్టుకుంది.

అవ్వే మొహం గీస్తుందని మునిలక్ష్మికి ఒక్క క్షణం ఆశ పుట్టింది. సిద్దమ్మవ్వ కలం కసింలో ముంచింది. కలం కొస గిన్నె అంచుకు తగిలి టకటకమని చప్పుడయింది. గదంతా వినిపించింది.

గుడ్డకు సరిగ్గా నడిమధ్యన, పైనుంచి కిందికి మూరెడు పొడుగున ఒక గీత గీసింది.

అది నిలువుగా పోలేదు. వణుక్కుంటూ పోయింది. ఒక చోట లావైంది, ఒక చోట తెగి మళ్లీ అందుకుంది, చివర ఒక బొట్టు పడింది. చూస్తుండగానే నల్లగా పట్టేసింది.

"అవ్వా! అయ్యో, ఏం చేసినావు! ఇంకో గుడ్డ ఉతికే పొద్దు కూడా లేదే! పాడు చేసినావే!"

"ఆఁ, చేసినాను," అంది సిద్దమ్మవ్వ. కలం మునిలక్ష్మి అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. "పాడు చేసే పని అయిపోయింది మే. ఇంక గీసే పనే మిగిలింది."

వెళ్లి మళ్లీ గుమ్మం దగ్గర కూర్చుంది.

మునిలక్ష్మికి కోపం తల బద్దలయ్యేటంత వచ్చింది. కలం విరిచి పారేద్దామనుకుంది. లేచి ఎటైనా పోదామనుకుంది. ఏదో అనబోయి సిద్దమ్మవ్వ వైపు తిరిగింది.

సిద్దమ్మవ్వ చింతపండు గింజలు తీస్తోంది, కుడిచేత్తో. వేళ్లకు కసిం నలుపు అంటుకుని ఉంది. చెయ్యి వణుకుతోంది, ఒక గింజ పట్టు తప్పి గడప దాటి వీధిలోకి దొర్లింది. వీధిలో మనుషులు పోతున్నారు, వస్తున్నారు. ఆమె కొంగు సర్దుకోలేదు.

మునిలక్ష్మి మళ్లీ గుడ్డ వైపు తిరిగింది.

ఉగాదినాడు ఊరంతా మఠంలో ఆ తెర ముందు నిలబడుతుంది. ఆ గీత ఎవరి చేతిదో తెలియనివాళ్లు ఈ వీధిలో ఒక్కరూ ఉండరు. తనకు తెలిసిన సంగతి అవ్వకు తెలియదా? కన్నీళ్లు జలజలా రాలాయి. గుడ్డ మీద పడకుండా పక్కకు తిరిగి తుడుచుకుంది.

చీర చెంగు నడుముకు దోపుకుని వంగింది. బొగ్గు ముట్టుకోలేదు. కలం కసింలో ముంచి, వంకర గీతకు పైన, నేరుగా అమ్మవారి గడ్డం గీసింది. అక్కణ్ణుంచి చెంప, చెంప నుంచి చెవి. చెయ్యి దిగింది. దిగి కదిలింది.

ముక్కు కొంచెం పొడుగైంది. ఆగలేదు. చేతివేలు ఒకటి లావైంది. ఆగలేదు. ఆకలైతే పక్కనే పెట్టుకున్న బెల్లంముక్క నోట్లో వేసుకుంది. దొరసాని కూనను నోట కరుచుకుని గదిలో అటూ ఇటూ తిరిగింది, తిరగనిచ్చింది. వెలుతురు పోయేదాకా గీసి, కలం కడిగి, ఆ గుడ్డ పక్కనే చాప వేసుకుని పడుకుంది. తెల్లారగానే లేచి మళ్లీ వంగింది.

శివరాత్రినాడు ఊరు ఊరంతా గుడికి పోయింది. మునిలక్ష్మి పోలేదు. ఏకాంబరం విభూతి పెట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మొహంలో బెదురు కనిపిస్తూనే ఉంది.

"ఏం చెప్పమంటావు తల్లీ, స్వామివారితో?"

"చూసి చెప్పన్నా" అంది ఆమె, గీత ఆపకుండానే.

అతను లోపలికి వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు. అతని చూపు తెర మధ్యకు వచ్చి అక్కడే ఆగింది. సిద్దమ్మవ్వ వైపు చూశాడు. ఏదో అడగబోయాడు. అడగకుండా చేతులు జోడించాడు. అమ్మవారికి జోడించాడో సిద్దమ్మవ్వకు జోడించాడో చెప్పలేం, ఇద్దరూ ఒకే వైపు ఉన్నారు.

"అచ్చు తెర అక్కర్లేదని చెప్తా" అని వెళ్లిపోయాడు.

మరో రెండు రోజులకు నల్లపని పూర్తయింది. ఇక పటిక రాసి, ఏటికి తీసుకుపోయి, రంగుల పనిలో పడాలి. పొద్దున్నే ఎండ తెర మీద పడే వేళకు సిద్దమ్మవ్వ వచ్చి వంగి చూసింది. మొహం చూసింది, కిరీటం చూసింది, అంచులో లతలు చూసింది. ముక్కు పొడుగు దగ్గర ఒక్క నిమిషం ఆగి ముందుకు పోయింది.

మధ్యలో అమ్మవారి మెడ నుంచి పూలదండ దిగుతోంది. దండకు ఒక అంచు మునిలక్ష్మి గీసింది, తీగ లాగినట్టు ఉంది. రెండో అంచు వణుకుతూ, లావవుతూ, ఒక చోట తెగి మళ్లీ అందుకుంటూ దిగింది. చివరి బొట్టు కూడా అట్లాగే ఉంది. దాని చుట్టూ ఉన్న పూలన్నీ ఆ వంపుకు తగ్గట్టే ఒదిగి ఉన్నాయి.

సిద్దమ్మవ్వ దాన్ని చూసీ చూడనట్టు చూసింది.

"దీని మీద లావుగా ఇంకోటి లాగి ఉంటే కనపడేది కాదు కదా. ఆ గీతను కప్పెయ్యలేదేం మే?"

మునిలక్ష్మి పటిక నీళ్లు కలుపుతోంది. తల ఎత్తలేదు.

"ఏ గీతవ్వా?" అంది.